పండుగకు ముందు తిన్న మామిడికాయ

ఆ రోజుల్లో అని మొదలుపెడితే చదివేవాళ్ళు నన్ను ముసలమ్మ అనుకుంటారేమో గానీ, నేను చెప్పబోయేది నాలుగైదేళ్ళ కిందటి మాటే. అయినా ఆ రోజుల్లో అనే అనాలి, ఎందుకంటే అప్పటి నేను వేరు. అప్పటి నాకు మనుషులతో మాట్లాడటం కంటే పుస్తకంతో మాట్లాడటం తేలిక. ఎవరైనా ఇంటికి వస్తే నీళ్ళ గ్లాసు చేతికిచ్చి తలుపు వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. వాళ్ళకు చెప్పవలసిన జవాబులన్నీ తర్వాత డైరీలో తీరిగ్గా రాసుకునేదాన్ని (డైరీలో నేను చాలా గడుసుదాన్ని). మా ఊరు ములకలపల్లి దాటి ఇంకా లోపలికి, అడవి అంచున ఉంటుంది. ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను గనుక ఊళ్ళో నన్ను చదువుల పిల్ల అనేవారు. నేను నోరు విప్పను గనుక ఆ పేరు ఇంకా గట్టిపడింది. మాట్లాడని మనిషికి చాలా తెలుసని జనం అనుకుంటారు. మా ఆయన కూడా అలాగే అనుకున్నారు. చిక్కంతా అక్కడే మొదలైంది.

మా ఆయనది పాల్వంచలో షిఫ్టు ఉద్యోగం. మామయ్యది కూడా అదే ఉద్యోగం కావడంతో మా ఆయన పుట్టడం, పెరగడం అంతా కంపెనీ కాలనీలోనే జరిగింది. సిమెంటు రోడ్లు, వరసగా ఒకే రకం ఇళ్ళు, పొద్దున సైరన్. మా ఊళ్ళో కోడి కూస్తే లేచే నాకు ఆ సైరన్ చాలా నాగరికంగా తోచింది. పెళ్ళి చలికాలంలో అయింది. అయిన దగ్గర్నుంచి ఆయన షిఫ్టులకూ నా సిగ్గుకూ మధ్య మేమిద్దరం సరిగా మాట్లాడుకున్నదే లేదు. ఆయన్ని ఏమని పిలవాలో తెలియక "ఇగో" అని పిలిచేదాన్ని. ఆయనకూ నన్నేమని పిలవాలో తోచక "ఇగో" అనే పిలిచేవారు. పక్కింటావిడ మా ఇంట్లో చిలకను పెంచుతున్నామేమో అనుకుందట.

ఈ సంగతి ఎలా తెలిసిందో ఏమో, ఆయనతో అదే షిఫ్టులో పనిచేసే ఒకాయన కలగజేసుకున్నాడు. ఆయన ఏటా ఎక్కడికో ఒక చోటికి పోయి వచ్చి మిగిలిన ఏడాదంతా దాని గురించే చెప్తాడు గనుక మేమంతా టూర్ల బావ అంటాం. అండమాన్ పోయి రమ్మన్నాడు. అది కూడా పెట్టెలతో, హోటళ్ళతో కాదు. "సూట్‌కేసులు ముసలోళ్ళకు. మీరు వీపుకు బ్యాగు తగిలించుకొని తిరగాలె, అప్పుడే మాటలు కలుస్తయి" అని తన రెండు బ్యాగులు తెచ్చి మా వరండాలో పెట్టాడు. ఒక్కొక్కటి నా నడుము దాకా ఉంది. మా అత్తమ్మ వాటిలో ఖాళీ చూసి తట్టుకోలేకపోయింది. కారప్పూస, పల్లీల పొడి, పోయినేటి మామిడికాయ తొక్కు సీసా, దుప్పట్లు, ఒక పప్పుగుత్తి పెట్టింది (పప్పుగుత్తి ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు, ఆయనకూ లేదు). ఖమ్మం బస్సెక్కగానే కండక్టరు మమ్మల్ని ఎగాదిగా చూసి ఏం అమ్ముతారని అడిగాడు. టూరిస్టులమని మా ఆయన చెప్పారు. "అది సరే, దుప్పట్లు ఎట్లిస్తరు" అన్నాడు. బ్యాగు మూతి లోంచి దుప్పటి అంచు బయటికి వచ్చి ఉంది.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. కొత్తగా కాసింది ఏదైనా, చిక్కుడుకాయ గానీ ఇప్పపువ్వు గానీ మామిడికాయ గానీ, ముందు ఊరి ముత్యాలమ్మకు పెట్టి పండుగ చేసుకోవాలి. ఆ తర్వాతే మనుషులు నోట పెట్టాలి. మామిడి పండుగ ఎప్పుడన్నది పెద్దలు కూర్చుని చెప్తారు. అది చేయించేది మా తాతే. అందుకని మా ఇంట్లో పిల్లలకు పండుగ ముందర చెట్టు కింద పిందె రాలి పడినా వంగి తీసే స్వతంత్రం లేదు. మా చిన్నన్న ఒకసారి ఆగలేక పుల్లటి కాయ ఒకటి కొరికాడు. ఆ సాయంత్రమే వాడికి ఎలుగుబంటి ఎదురైంది. అది వాణ్ణేమీ చేయలేదు, దాని దారిన అది పోయింది. కానీ వాడు ముళ్ళకంప లోంచి పరిగెత్తుకు వచ్చేసరికి ఒంటి మీద బనీను తప్ప ఏమీ మిగల్లేదు. ఊరంతా చూసింది. ఎలుగుబంటి కంటే అదే నాకు ఎక్కువ భయం వేసింది. అప్పటినుంచి మామిడి పండుగ అయ్యేదాకా నేను మామిడిచెట్టు నీడన కూడా నోరు మూసుకుని నిలబడేదాన్ని.

కానీ కాలనీలో ఇవన్నీ ఎవరికి పడతాయి? కాయ మార్కెట్లోకి రాగానే బండి మీద అమ్ముతారు, కొంటారు, తింటారు. మా ఆయన కాలనీ మనిషి. చలికాలంలో కాపురానికి వెళ్ళాను గనుక ఆ ఇంట్లో మామిడికాయల కాలం ఎలా గడుస్తుందో నేనింకా చూడలేదు.

పోర్ట్‌బ్లెయిర్ చేరిన మర్నాడు పొద్దున్నే ఒక చిన్న దీవికి పడవ ఎక్కాం. పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం తీసుకొచ్చేస్తారు. బ్యాగులు బసలో వదిలి వెళ్ళమని అక్కడివాళ్ళు చెప్పినా, టూర్ల బావ చెప్పిన మాట మీద గౌరవంతో వీపుకే తగిలించుకున్నాం. భద్రాచలం దగ్గర గోదావరి ఎంత నిండుగా పారినా అవతలి ఒడ్డు కనబడుతుంది. బస్సు వంతెన మీదుగా పోతుంటే దండం పెట్టుకుని కళ్ళు తెరిచేసరికి అవతల ఉంటాం. ఈ నీళ్ళకు అవతలి ఒడ్డే లేదు. మా ఆయన మాత్రం ఉత్సాహంగా "అగో సముద్రం" అని చూపించారు. అప్పటికి చాలాసేపటి నుంచి మేము దాని మీదే ఉన్నాం. నేను అవునన్నట్టు తలూపాను. మాటలు కలవడానికి అదే మొదటి మెట్టు అనుకున్నాను.

దీవి బొమ్మలో గీసినట్టుంది. తెల్లటి ఇసుక, ఆకుపచ్చ నీళ్ళు, ఒడ్డు దాకా వంగిన చెట్లు. ఒక చెట్టు కింద ఒక పెద్దావిడ బుట్ట పెట్టుకుని అనాసముక్కలు, మామిడికాయ ముక్కలు అమ్ముతోంది. మేము దగ్గరికి వెళ్ళేసరికి బుట్టలోంచి కాయ తీసి కోస్తూ, మొదటి ముక్క ఒక ఆకులో పెట్టి చెట్టు మొదట్లో ఉంచింది. కాకికి కాబోలు అనుకున్నాను. ఆవిడ మా మాట విని ముఖం విప్పార్చింది. "ఏటమ్మా, తెలుగోల్లేనా? కొత్తగా పెల్లయినట్టుంది. మాదీ అటుపక్కేనమ్మా, మా తాతలనాడు ఒచ్చేసినాం" అని మాట కలిపింది. అంత దూరంలో తెలుగు వినబడేసరికి మా ఆయనకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ సంతోషంలో ఒక పళ్ళెం మామిడికాయ ముక్కలు అడిగేశారు. ఆవిడ ఉప్పూ కారం చల్లి ఇచ్చింది.

పళ్ళెం మా ఇద్దరి మధ్యకు వచ్చింది. ఊళ్ళో మామిడి పండుగ ఇంకా కాలేదు. ఆయన ఒక ముక్క తీసుకుని నా వైపు చూశారు. కొంచెం ఎక్కువసేపే చూశారు. నేను ఆయన వైపు చూశాను. వద్దని చెప్పాలంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఎందుకో చెప్తే, డిగ్రీ చదివిన పిల్ల, పుస్తకాల పిల్ల, ఇంతేనా అనుకుంటారు. టూర్ల బావతో చెప్పుకుని నవ్వుతారు. ఆయన ముక్క నోట్లో పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, అంత రుచిగల మామిడికాయ నేను అంతకు ముందు తినలేదు. ఆ రుచే నన్ను మరీ భయపెట్టింది. తప్పు అంత రుచిగా ఉంటే శిక్ష ఇంకెంత ఉండాలి? నాకేమైనా అయితే ఫరవాలేదు. కానీ ఈ మనిషికేమన్నా అయితే? తెలియని మనిషి, కాలనీ మనిషి, నన్ను నమ్మి ఇంత దూరం తీసుకొచ్చాడు. ఊరికి పోయి ముత్యాలమ్మకు, మా తాతకు నేను ఏం చెప్పాలి?

అప్పటి నుంచి ఆ దీవిలో నాకు ఇసుక లేదు, చెట్లు లేవు, ఆయనకు ఏమవుతుందో అన్న చూపొక్కటే ఉంది. మొదట ఒక అల వచ్చి ఆయన చెప్పు ఒకటి పట్టుకుపోయింది. నేను లోపల్లోపల ముత్యాలమ్మకు కొబ్బరికాయ మొక్కుకున్నాను. తర్వాత నీళ్ళలో దేనిమీదో కాలు పెట్టి అరికాలు కోసుకున్నారు. రక్తం చూడగానే కొబ్బరికాయ తీసేసి కోడి మొక్కాను. ఆ గాయం మీద రుమాలు కట్టుకుంటూ ఉండగా ఒక పీత నడిచి వచ్చి ఆయన రెండో కాలి బొటనవేలు పట్టుకుంది. ఇంకో కోడి. నేను ఆ పీతను ఎలుగుబంటి చుట్టంగానే చూశాను.

విచిత్రమేమిటంటే ఆయనా కులాసాగా లేరు. ఫోటోలు తీయడం మానేశారు. నేను నీళ్ళ దగ్గరికి పోతే చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతున్నారు. కొబ్బరిచెట్టు కింద కూర్చోబోతే పైకి చూసి అక్కడ వద్దన్నారు. కడుపులో తేడాగా ఉందా అని అప్పటికే అడిగినా మళ్ళీ మళ్ళీ అడిగారు. నాకు తోచిన అర్థం ఒకటే. ఈ మాట్లాడని పిల్లతో ఇంత దూరం ఎందుకొచ్చానురా అని విసుగు పుట్టింది, అందుకే కోపం దాచుకుంటున్నారు. మధ్యాహ్నం అన్నం పొట్లాలు విప్పి తొక్కు సీసా మూత తీశాను. పోయినేటి కాయే, తప్పేమీ లేదు, అయినా ఆ వాసన తగలగానే పొద్దుటి పళ్ళెం గుర్తొచ్చింది. "తొక్కు వద్దులే" అన్నారు ఆయన, నా ముఖం చూడకుండా. నాకూ అదే కావాలి గనుక మూత పెట్టేశాను. మా అత్తమ్మ తొక్కును వద్దన్న రోజు ఆయన జీవితంలో అదొక్కటేనని తర్వాత తెలిసింది. ఇద్దరం చప్పటి పప్పన్నం తిని, బ్యాగులు పక్కన పెట్టుకుని, ఎవరి సముద్రం వైపు వాళ్ళు చూస్తూ కూర్చున్నాం.

సాయంత్రం పడవ ఎక్కేసరికి ఆకాశం ఒక మూల నల్లబడింది. గాలి లేచింది. పడవ పైకి లేస్తే నా కడుపు కిందే ఉండిపోతోంది, కిందికి దిగితే పైనే ఉండిపోతోంది. కొంచెం దూరం పోయాక ఇంజను దగ్గి, మళ్ళీ దగ్గి, ఆగిపోయింది. పడవ వాళ్ళకు అదేమీ కొత్త కాదనుకుంటా, ఒకతను బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకుని కింద ఏదో కొట్టడం మొదలుపెట్టాడు. తక్కినవాళ్ళు వేరుశనక్కాయలు తింటున్నారు. నేను మాత్రం మేక మొక్కేశాను. అంతకంటే పెద్ద జీవాన్ని మొక్కితే మా నాన్న ఒప్పుకోడు. ఇక నా దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. పక్కకు తిరిగి ఆయన్ని చూశాను. కళ్ళు గట్టిగా మూసుకుని, బ్యాగును చంటిపిల్లలా ఒళ్ళో పట్టుకుని, పెదవులు కదుపుతున్నారు. గాలి నా వైపే వీస్తోంది గనుక మాటలు స్పష్టంగా వినబడ్డాయి.

"తల్లీ ముత్యాలమ్మా, కాయ కొన్నది నేను. ముందుగాల నోట్లె పెట్టింది నేను. పిల్లకేం తెల్వదు. ఏదన్న ఉంటే నన్ను జూడు, ఆమె జోలికి పోకు."

కాపురానికి వచ్చాక ఆయనతో నేను నా అంతట నేను అడిగిన మొదటి ప్రశ్న అదే అయి ఉంటుంది. "మీకు పండుగ తెలుసా?" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచారు. దొంగతనంలో దొరికిన పిల్లాడి ముఖం పెట్టారు. "తెల్వకుండ ఎట్లుంటది? మా అమ్మ మా ఊరికి పోయి పండుగ చేసుకొని వచ్చినంకనే మా ఇంట్ల కాయ కోస్తరు."

"మరెందుకు తిన్నరు?"

"నువ్వు పుస్తకాలు చదివేదానివి. నేను వద్దంటే, కాలనీల పుట్టి గుడ గిట్లున్నడేంది అనుకుంటవని." ఒళ్ళో బ్యాగు సర్దుకుని, "నువ్వు వద్దంటవేమోనని శానసేపు జూసిన" అన్నారు.

"మీరు వద్దంటరేమోనని నేనూ చూసిన."

ఒక అల వచ్చి ఇద్దరి ముఖాల మీదా ఉప్పునీళ్ళు కొట్టింది. ఆయన తుడుచుకోలేదు. చాలా ముఖ్యమైన సంగతి అడిగే గొంతుతో, "నువ్వేం మొక్కినవ్?" అన్నారు.

"రెండు కోళ్ళు. ఇప్పుడే ఒక మేక."

"అయ్యో" అన్నారు. "మేక నేను పొద్దుగాలనే మొక్కిన."

నాకు నవ్వొచ్చింది. ముందు కొంచెం, తర్వాత ఆపుకోలేనంత వచ్చింది. సముద్రం మధ్యలో, ఆగిపోయిన పడవలో, కడుపు పట్టుకుని నవ్వాను. ఆయన కూడా నవ్వారు, నవ్వుతూనే పక్కకు వంగి వాంతి చేసుకున్నారు, మళ్ళీ వచ్చి నవ్వారు. వేరుశనక్కాయల వాళ్ళు తినడం ఆపి మమ్మల్ని చూశారు. ఇంజను మొదలైంది. అది ముత్యాలమ్మ దయో, కిందనున్న మనిషి రెంచీ దయో నేను తేల్చుకోదలచుకోలేదు. ఒడ్డు చేరేదాకా ఇద్దరం ఆగకుండా మాట్లాడుకున్నాం. చిన్నన్న బనీను కథ చెప్పాను. పప్పుగుత్తి ఎందుకు పెట్టిందో ఇంటికి పోయాక అత్తమ్మను అడుగుదాం అన్నారు. (అడిగాం. కుక్క వస్తే కొట్టడానికట.)

అయితే మొక్కు మొక్కే కదా. వేసవిలో మా ఊళ్ళో మామిడి పండుగకు మేము రెండు మేకలతో, రెండు కోళ్ళతో దిగాం. ఆటోలో ఒక మేక ఆయన ఒళ్ళో, ఒక మేక నా కాళ్ళ మీద ఉన్నాయి. ఊళ్ళో ఎంత ఉన్నవాళ్ళైనా అన్ని జీవాలు తేరు. తాత మేకల్ని చూశాడు, మమ్మల్ని చూశాడు. "ఏం అల్లుడా, లాటరీ తగిలిందా?" అన్నాడు. మా ఆయన నా వైపు చూశారు. నేను తలుపు కోసం వెతికాను గానీ మేము నిలబడ్డది ఆరుబయట. ఇద్దరం కలిసి, ఒకరి మాట ఒకరు అందుకుంటూ, మొత్తం చెప్పేశాం. పీతతో సహా.

తాత అంతా విన్నాడు. విన్నాక అడిగింది ఒకటే. "ఆ చెట్టు మన ఊరిదా?"

"కాదు తాతా, సముద్రం అవతలిది" అన్నాను.

"మరి మన ముత్యాలమ్మకేం పని ఆడ? ఈడున్న చెట్లు జూసుకునుడే ఆమెకు సరిపోతలేదు."

నాకు భుజాల మీంచి ఆ పెద్ద బ్యాగు దించినట్టయింది. మా ఆయన మేకల వైపు కొంచెం బాధగా చూశారు. అంతలో తాత వేలెత్తాడు. "గాని ఆ ఊరికి గుడ ఒక దేవత ఉంటది గద. ఆళ్ళ పండుగ అయ్యిందా లేదా, అడిగే తిన్నరా?"

మేము అడగలేదు. ఇన్ని మొక్కులు మొక్కినా ఆ ఒక్క మాట మా ఇద్దరికీ తట్టలేదు. దించిన బ్యాగు మళ్ళీ వీపెక్కింది. మొక్కిన జీవాలన్నీ తప్పు చిరునామాకు పోతున్నాయి, అసలు ఇవ్వవలసిన దేవత సముద్రం అవతల ఎదురుచూస్తోంది. నా మనసు అప్పటికే టికెట్లు, పడవ, మళ్ళీ ఆ పీత దాకా పోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. కాయ కోస్తూ ఆవిడ మొదటి ముక్క ఆకులో పెట్టి చెట్టు మొదట్లో ఉంచింది. కాకికి అనుకున్నానే.

ఆ మాట చెప్పగానే తాత పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వాడు. "ఇంకేందే పిల్లా, పెట్టినంకనే గద మీకిచ్చింది. మీరు తిన్నది పండుగ కాయనే." తర్వాత మేకల తాళ్ళు రెండూ చేతిలోకి తీసుకుని, "మొక్కు ఎవలకు మొక్కినా ఊరికే మంచిది" అని తీసుకుపోయాడు. ఆ ఏడు మా ఊళ్ళో పండుగ బాగా జరిగింది. ఇప్పటికీ వేసవి వస్తే, అల్లుడు ఈసారి ఎక్కడికైనా పోయిండా అని మా నాన్నను ఊరివాళ్ళు ఆశగా అడుగుతారట.

ఆవిడ ఆ ముక్క కాకికే పెట్టిందని మా ఆయన వాదన. అక్కడ కాకులే కనబడలేదని నా వాదన. ఈ గొడవ తేలదు, తేలకపోవడమే మా ఇద్దరికీ ఇష్టం. వేసవికి ముందు కాలనీలోకి మామిడికాయల బండి వస్తే ఇద్దరం మాట్లాడుకోకుండానే రోడ్డు అవతలి వైపుకు మారతాం, మారి ఒకరినొకరు చూసుకుంటాం. ఇప్పుడు నేను బాగానే మాట్లాడుతున్నాను, కొంచెం ఎక్కువే అని అత్తమ్మ అంటుంది. ఆ రోజు నా డైరీలో ఒక్క మాట కూడా లేదు. పేజీల మధ్య ఇసుక మాత్రం ఉంది, తెరిచినప్పుడల్లా కొంచెం ఒళ్ళో పడుతుంది. పడినప్పుడల్లా ఆ పడవలో కూర్చున్న పిల్ల కనబడుతుంది. కొబ్బరికాయ, కోడి, మేక అనుకుంటూ లోపల ఎంత మాట్లాడుతోందో, పక్కనున్న మనిషితో ఒక్క మాట అనదు. దాని పక్కన చోటు చేసుకుని కూర్చుని, "ఒక్కసారి అడగవే, పక్కనే ఉన్నడు గద" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. నా చేతికో గ్లాసు నీళ్ళిచ్చి తలుపు వెనక్కి వెళ్ళిపోతుంది.